సముద్రపుటొడ్డున అభినయము
(సత్యజిత్ రే ‘బాల’ చిత్రమును గూర్చి)

పట్టణముగా గ్రేటర్ నోయిడాకు వయస్సు చాలదు. 1991లో ఏర్పడిన అభివృద్ధి సంస్థ పొలములమీద గీతలు గీచి, వాడలకు ఆల్ఫా, బీటా, గామా అని గ్రీకు అక్షరముల పేర్లు పెట్టినది. ఊరికి గుర్తుగా పరీ చౌక్ అను కూడలి యొకటి కలదు. అందు అప్సరసల శిల్పములు నిలిచి యుండును. వాహనములలో పోవువారు వానిని చూడరు. ఇట్టి ఊరిలో, ఒక మిత్రుని ఇంటిలో, నలుగురము తెలుగువారము, ఇద్దరు హిందీవారును కూర్చుండి సత్యజిత్ రే 1976లో తీసిన ‘బాల’ అను ముప్పదిమూడు నిమిషముల చిత్రమును చూచినాము. భరతనాట్యమున అభినయమునకు మారుపేరైన తంజావూరు బాలసరస్వతి జీవితమును, కళను చూపు చిత్రమది.

చిత్రము ముగిసిన పిదప, మాతో ఉన్న హిందీ అధ్యాపకురాలు ఒకరు ఒక మాట అన్నారు. సముద్రతీరమున బాలసరస్వతి అభినయించిన పాట ఏ భాషలోనిదో తమకు తెలియలేదనియు, అయినను అందులో తమకు అర్థము కానిది ఏదియు లేదనియు ఆమె చెప్పినారు. అది కన్నడము, వ్యాసరాయలవారిదిగా ప్రసిద్ధమైన ‘కృష్ణా నీ బేగనే బారో’ అను కీర్తన. చిన్ని కృష్ణుని తల్లి పిలుచుకొను పాట. మా గదిలో కన్నడము వచ్చినవారు ఒక్కరును లేరు.

ముప్పది యేండ్లుగా మాటలను ఒక భాషనుండి మరొక భాషకు మోయుచున్న నాకు ఆ మాట సంతోషమును కలిగించినది. కొంచెము నొప్పియు కలిగించినది. మాట తెలియకయే అంతయు తెలియునెడల అనువాదకునకు పనియేమి? పాటకు మాటలెందుకు? ఆ రాత్రి ఇంటికి వచ్చి చిత్రమును మరల ఒంటరిగా చూచినాను. ఈ వ్యాసము ఆ రెండవసారి చూచుటవలన పుట్టినది.

ముందుగా చిత్రమును గూర్చి చెప్పవలసినవి కొన్ని కలవు. రే తన పదునాలుగవ యేట, 1935లో, కలకత్తాలో బాలసరస్వతి నాట్యమును చూచినాడు. అప్పటికామెకు పదునేడేండ్లు. ఆమెను గూర్చి చిత్రము తీయవలెనన్న ఆలోచన 1966 ప్రాంతమున కలిగినది. కాని పని సాగినది 1976లో. అప్పటికామె వయస్సు ఏబదియెనిమిది. బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్‌ఫార్మింగ్ ఆర్ట్స్, తమిళనాడు ప్రభుత్వము కలిసి ఈ చిత్రమును నిర్మించినవి. ఛాయాగ్రహణము సౌమేందు రాయ్, కూర్పు దులాల్ దత్త. వ్యాఖ్యానము రే స్వయముగా చదివినాడు.

నర్తకిని చిత్రించుటలో రే కొత్తవాడు కాడు. 1958లో తీసిన ‘జల్‌సాఘర్’లో రోషన్ కుమారి కథక్ నృత్యమును ఆయన ఎట్లు చిత్రించినాడో చూచినవారు మరువరు. అయితే అక్కడ నాట్యము కథలో ఒక భాగము. శిథిలమైపోవుచున్న జమీందారు కన్నులతో మనము దానిని చూతుము. ఇక్కడ అట్టి కథలేదు. ఒక మనిషి, ఆమె కళ, వీనికి ఎదురుగా ఒక కెమెరా. రవీంద్రనాథునిపై 1961లోను, చిత్రకారుడు వినోద విహారి ముఖర్జీపై 1972లోను తీసిన చిత్రములవలెనే ఇందులోను రే తనను వెనుకకు నిలుపుకొనుటకే ప్రయత్నించినాడు.

చిత్రము హస్తముద్రలతో ఆరంభమగును. తరువాత వంశచరిత్ర. బాలసరస్వతి మాతామహి వీణ ధనమ్మాళ్. 1867లో పుట్టి 1938లో గతించిన ఆ విదుషీమణి వీణావాదనము దక్షిణాదిని ఒక ప్రమాణముగా నిలిచినది. తల్లి జయమ్మాళ్ గాయని. కుమార్తె ఆడుచుండగా ఆమె పాడెడిది. గురువు కందప్ప పిళ్ళై తంజావూరు సోదరచతుష్టయపు వంశమువాడు. 1925లో, ఏడవ యేట, కాంచీపురములో బాల అరంగేట్రము చేసినది. ఉదయశంకర్, నారాయణ మీనన్ ఆమెను గూర్చి తమ అభిప్రాయములు చెప్పుదురు. ఆమె గృహజీవితమును కొంత చూతుము. ఇవియన్నియు అవసరమైనవే, ఆచితూచి చెప్పినవే. కాని ఇట్టి చిత్రమును నిలుపునది వంశవృక్షము కాదు. చిత్రమున నాట్యభాగములుగా ప్రధానమైనవి రెండు: సముద్రతీరమందలి కీర్తన, చివర వచ్చు పదవర్ణము. విమర్శకుడు తూకము వేయవలసినది వీనినే.

మొదటిదానిని గూర్చి నాకొక ఆక్షేపణ కలదు. సభలో అభినయించు నర్తకి వెనుక ఏమియు ఉండదు. ఒక తెర, కొందరు వాద్యకారులు. ఆ శూన్యమే ఆమె సంపద. యమునను ఆమె చూచిన వైపున యమున పుట్టును. పిల్లవాడు ఆమె వంగిన చోట పుట్టును. ఈ కీర్తనలో యశోద బిడ్డ నోటిలో లోకములను చూచు ఘట్టము కలదు. ఆ విశ్వమంతయు నర్తకి కన్నులలోనే కనుపింపవలెను. తల్లి ముఖమున మొదట భయము, పిదప ఆశ్చర్యము, ఆ వెనుక ‘ఇది నా బిడ్డయే కదా’ అను మమత ఒకదానిపై నొకటి తోచవలెను. అట్టి ముఖమునకు వెనుక నిజమైన సముద్రమును నిలిపినచో ఏమగును? కల్పింపవలసిన అనంతము కంటికెదుట సిద్ధముగా నున్నది. గాలికి చీర చెరగు ఎగురుచున్నది. కెరటముల కదలిక చేతుల కదలికతో పోటీపడుచున్నది. చేతులు చెప్పు మాటను వినుచున్న కన్ను, గాలి చెప్పు మాటకు కూడ తిరుగుచున్నది. ఇది నర్తకికి న్యాయము కాదని మొదటిసారి చూచినపుడు నాకు తోచినది. ఇట్లు తలచినవాడను నేనొక్కడనే కాదు.

రెండవసారి చూచినపుడు ఆక్షేపణ పోలేదు గాని, దానికెదురుగా మరియొకటి కనుపించినది. బాలసరస్వతి ఆ గాలిని లక్ష్యపెట్టలేదు. ఎగురుచున్న చెరగును సర్దుకొను తొందర ఆమెకు లేదు. సముద్రమువైపు ఆమె చూపుపోలేదు. చూపు ఉన్నది మోకాలియెత్తున, తప్పటడుగులు వేయు బిడ్డ ఉండవలసిన చోట. ఆ చోటికి మన చూపును గూడ ఆమె లాగుకొనిపోవును. అంత పెద్ద సముద్రము వెనుకనున్నను మనము చూచునది లేని బిడ్డను. దర్శకుడు ఆమెకు సహాయమని తలచి తెచ్చిన దృశ్యము ఆమెకు పరీక్షయైనది. ఆ పరీక్షలో ఆమె నెగ్గినది. రే ఉద్దేశించినదిదియేనా యన్నది వేరుమాట. చిత్రమునుండి మనకు దొరకినది మాత్రము ఇది.

మా మిత్రురాలు భాష తెలియకయే గ్రహించినది దేనినో ఇప్పుడు చెప్పవచ్చును. ఆమె గ్రహించినది తల్లి పిలుపును. అది కీర్తన యొక్క భావము. కాని అభినయమన్నది భావముతో ముగియు విద్య కాదు. గాయని ఒకే పాదమును మరల మరల పాడుచుండగా, నర్తకి ఆ పాదములోని ఒక్కొక్క మాటకు ఒక్కొక్కసారి ఒక్కొక్క అర్థమును తెచ్చి చూపును. ‘రమ్ము’ అన్న మాట మొదట బతిమాలుట, పిదప బెదరించుట, తరువాత వెన్నచూపి ఆశపెట్టుట, చివరకు అలిగి మొగము త్రిప్పుకొనుట అగును. మాట మారలేదు, అర్థము మారినది. మాట తెలిసినవానికి ఈ మారుట ఒక ఆనందము. మాట తెలియనివానికి ఇది వరుసగా వచ్చు కొన్ని భావములు మాత్రమే. మాట స్తంభము, అభినయము దానినల్లుకొను తీగె. స్తంభము కనబడనివారు తీగెను చూచి ఆనందింపగలరు. కాని తీగె ఎంత దూరము పోయి మరల ఎచటికి వచ్చి చుట్టుకొన్నదో వారికి తెలియదు. పాటకు మాటలెందుకన్న నా ప్రశ్నకు ఇదియే సమాధానమనుకొందును. అనువాదకునకు కొంచెము పని మిగిలియే యున్నది.

ఇక రెండవ భాగము. పదవర్ణమును ఆడుటకు ముందు రే వ్యాఖ్యానములో ఒక చిన్న సంగతి చెప్పును. బాలసరస్వతి ఇప్పుడు కట్టుకొన్న గజ్జెలు ఏడవ యేట అరంగేట్రమునాడు కట్టుకొన్నవియే. ఇంతకుమించి ఆయన ఏమియు అనడు. అనకపోవుటయే మంచిదైనది. ఏబదియేండ్లు ఆ గజ్జెలలో ఉన్నవి. ఏబదియెనిమిదేండ్ల శరీరము బరువెక్కినది. జతులలో పూర్వపు చురుకు ఉండవలెనని కోరుట అన్యాయము. కెమెరా ఆ వయస్సును దాచుటకు యత్నింపదు. ఆమెయు యత్నింపదు. లయ మాత్రము ఎక్కడను తొట్రుపడలేదు. కాలు ఎంత తక్కువ ఎత్తు లేచినను పడవలసిన క్షణముననే పడును. పది సంవత్సరములు ముందు ఈ చిత్రము తీసియుండిన బాగుండెడిదని విచారించువారు కలరు. రేకును ఆ విచారము కలదు. అయినను చిత్రింపబడక పోయిన యౌవనముకంటె చిత్రింపబడిన వార్ధక్యము మేలని ఆయన సమాధానపడినాడు. ఆ సమాధానము మనకును చాలినదే. 1984 ఫిబ్రవరి 9న ఆమె కన్నుమూసినది. రే మరికొన్నేండ్లు ఆలస్యము చేసియుండిన ఆ సమాధానమునకు కూడ అవకాశము ఉండెడిది కాదు.

అయితే ఒక మాట. 1975లో, అనగా ఈ చిత్రమునకు ముందటి యేటనే, మద్రాసులో తమిళ ఇసై సంగపు సభలో బాలసరస్వతి చేసిన ఉపన్యాసమొకటి ప్రసిద్ధమైనది. అందులో ఆమె భరతనాట్య కచేరీని దేవాలయముతో పోల్చినది. అలరింపు గోపురము, జతిస్వరము అర్ధమండపము, శబ్దము మండపము, వర్ణము దేవుని ఆవరణము, పదము గర్భగృహము. బయటి సందడి, వెలుతురు, విస్తారము అన్నియు అణగి, చల్లని చీకటిలో దేవునియెదుట ఒంటరిగా నిలుచు చోటు పదమని ఆమె భావము. తిల్లానా చివరి కర్పూరహారతి.

ఈ కొలతతోనే చిత్రమును చూచినచో లోపము స్పష్టమగును. రే మనలను ఆవరణమువరకు తీసికొనివచ్చినాడు. గర్భగృహపు తలుపు తీయలేదు. కీర్తన వాత్సల్యము, అది పదమువలె అభినయింపదగినదే, సందేహము లేదు. కాని ఆమె పదమన్నపుడు ఆమె మనస్సులో ఉన్నది ముఖ్యముగా శృంగారము. ఆ శృంగారమునకు ఆకరము క్షేత్రయ్య. మువ్వ గ్రామపు పేరుతో గోపాలుని పిలిచిన ఆ పదకర్త తెలుగు, ధనమ్మాళ్ ఇంటిలో తరతరములుగా నిలిచిన ధనము. మూడు శతాబ్దములకు పూర్వము మధుర, తంజావూరు ఆస్థానములలో మ్రోగిన తెలుగును మద్రాసులోని ఒక ఇంటి స్త్రీలు ఒక్క సంగతి చెడకుండ కాపాడినారు. క్షేత్రయ్య పదమేదియు ఈ చిత్రమున ప్రధాన నాట్యభాగముగా లేదు. నాట్యమునుండి శృంగారమును తొలగింపవలెననువారితో బాలసరస్వతి జీవితమంతయు వాదించినది. శృంగారమే భక్తికి దారియని, దానిని శుద్ధిచేయ నవసరము లేదని ఆమె పట్టుబట్టినది. అట్టి ఆమె చిత్రమున తల్లిప్రేమకు సముద్రమంత చోటు దొరకి, నాయిక విరహమునకు విడిగా ఒక గది దొరకకపోవుట వింతగా లేదా? వర్ణమున నాయిక కలదు, నిజమే. కాని వర్ణమున ఆమె జతుల నడుమ మాటాడును. పదమున మాత్రమే ఆమె తీరికగా, తగ్గుస్వరమున, మనసులోని మాట చెప్పును.

ఇది తెలుగువాని స్వార్థముచేత చేసిన ఫిర్యాదని పాఠకులు అనవచ్చును. కొంత నిజమే. కాని ఇందులో మరియొక సంగతి యున్నది. బాలసరస్వతి అభినయమును అభ్యసించిన గురువులలో కూచిపూడి వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఒకరు. 1956లో గతించిన ఆ మహావిద్వాంసుడు ఒక్క పాదమునకు అనేకార్థములు అప్పటికప్పుడు కల్పించుటలో అసమానుడని ప్రసిద్ధి. స్త్రీవేషము కట్టు పురుషుల గ్రామమునుండి వచ్చిన బ్రాహ్మణుడు, దేవదాసీ సంప్రదాయపు ఇంటి కన్యకు నాయిక మనస్సును విప్పి చెప్పినాడు. పాఠము తెలుగు పదము. కులము, ప్రాంతము, స్త్రీపురుష భేదము అను మూడు గోడలను దాటిన ఆ పాఠము మన కళాచరిత్రలో గొప్ప ఘట్టములలో నొకటి. అది దాటిన దారి పదము. పదము లేని చిత్రమున ఆ దారియు కనుపింపదు.

నర్తకులను, గాయకులను గూర్చిన మన చిత్రములలో మరి రెండింటిని దీనితో పోల్చి చూచుట మేలు. కాశీ ఠుమ్రీ గాయని సిద్ధేశ్వరీదేవిపై మణి కౌల్ 1989లో ‘సిద్ధేశ్వరీ’ తీసినాడు. అప్పటికామె గతించి పండ్రెండేండ్లు. కనుక ఆమె స్థానమున మీతా వశిష్ఠ్ అను నటిని నిలిపి, కాశీ మెట్లమీద, గదులలో, నీటిమీద ఆమె పాటయొక్క నీడను వెదకినాడు. చివర ఆ నటి టెలివిజనులో అసలు సిద్ధేశ్వరీదేవి పాడుచుండగా చూచును. ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్రపై కుమార్ సహానీ 1991లో ‘భవాంతరణ’ తీసినాడు. ఆడువేషమున ఆడు గోటిపువ బాలుడుగా పెరిగిన ఆ గురువు దేహమున స్త్రీయు పురుషుడును ఎట్లు ఒకరిలోనుండి ఒకరు వచ్చుచుందురో ఆ చిత్రము చూపును. ఈ రెండును స్వేచ్ఛానువాదములు. మూలమునకు ఎదురుగా కొత్త కావ్యమును నిలుపవలెనన్న ఆకాంక్ష వానిలో కలదు. రే ‘బాల’ అట్టిది కాదు. అది టీకాతాత్పర్యములవంటి సాదా అనువాదము. మూలమెక్కడ ముగిసినదో, అనువాదకుడెక్కడ మొదలైనాడో అందులో తడుముకొన నవసరము లేదు. రసికులు మొదటి రకమును మెచ్చుకొందురు. కాని మూలము అదృశ్యమైపోయిన పిదప చదువరికి కావలసినది రెండవ రకము. మణి కౌల్ చిత్రపు చివరన కూడ మనస్సు పట్టుకొని నిలుచునది టెలివిజనులోని ఆ అసలు ముఖమే కదా!

మన తెలుగునాట సంగతి ఏమి? సత్యభామ వేషమునకు కూచిపూడిలో కీర్తిగాంచిన వేదాంతం సత్యనారాయణశర్మ 2012లో గతించినారు. ఆయనపై దూలం సత్యనారాయణ ‘ఐ యామ్ సత్యభామ’ అను డాక్యుమెంటరీ తీసినారు. అది మంచి పని. కాని గోదావరి మండలములలోని కలావంతుల ఇండ్ల వృద్ధస్త్రీల మాట తలచుకొన్నపుడు మనస్సు కలుక్కుమనును. 1947లో మద్రాసు రాష్ట్రమున వచ్చిన దేవదాసీ నిషేధశాసనము దురాచారమును ఆపుటకు చేసినది. అందుకు అది అవసరమైనదే. కాని దురాచారముతో పాటు విద్యయు సిగ్గుపడవలసిన వస్తువైనది. మేజువాణీలలో క్షేత్రయ్య పదములను కూర్చుండి అభినయించిన చేతులు వంటయిండ్లలోనికి పోయినవి. నటరాజ రామకృష్ణగారు ఆ ఇండ్లకు వెళ్ళి, వారిని బ్రతిమాలి బయటికి తెచ్చి, కొంత విద్యను ఆంధ్రనాట్యమను పేర మరల వేదిక ఎక్కించినారు. సత్యజిత్ రే వంటివాని కెమెరా మాత్రము ఆ వాకిళ్ళకు రాలేదు. మద్రాసులోని బాలసరస్వతికి పదేండ్లు ఆలస్యముగానైనను ఒక ముప్పదిమూడు నిమిషములు దక్కినవి. అదే పదమును అదే భాషలో, ఆ భాషయే మాతృభాషగా అభినయించినవారికి అదియు దక్కలేదు.

చిత్రమున మరియొక పరిమితి కలదు. అది రే లోపము కాదు, చలనచిత్రమను సాధనముయొక్క లోపము. అభినయము ప్రతి కచేరీలోను మారుచుండును. నేడు అలుకగా చూపిన పాదమును ఎల్లుండి నవ్వుగా చూపవచ్చును. చిత్రము ఆ అనేకములలో ఒకదానిని పట్టి శాశ్వతము చేయును. తరువాతి తరమువారు దానినే పాఠమనుకొని, ఆమె ఒకనాడు చేసినదానిని అట్లే చేయుట శిష్యత్వమనుకొను ప్రమాదము కలదు. అనువాదము చదివి మూలమునందలి శ్లేష అంతయు తెలిసినదనుకొను చదువరి వంటిదే ఇదియు. ఈ చిత్రమునుండి నేర్చుకొనవలసినది ఏ ముద్ర ఎచట పట్టినదన్నది కాదు. ఆమె ఒక మాటకు ఎంతసేపు నిలిచినది, తరువాతి అర్థమునకు పోవుటకు ముందు ఎట్లు ఊపిరి తీసికొన్నది, అన్నది.

నా తీర్పు ఇది. ‘బాల’ రే చిత్రములలో ఉత్తమోత్తమమైనది కాదు. సముద్రదృశ్యమున దర్శకుడు నర్తకిని పూర్తిగా నమ్మలేదు. పదమును విడుచుటలో ఆమె చెప్పిన మాటను పూర్తిగా వినలేదు. కాని వర్ణమున ఆయన నోరు మూసుకొని, చేతులు కట్టుకొని, పెద్దల ఎదుట నిలిచినట్లు నిలిచినాడు. ఆ వినయమువలన నేడు గ్రేటర్ నోయిడాలో, తంజావూరు గాని మువ్వ గాని చూడని మనుష్యులు, ఆమె ముఖమెట్టిదో ఎరుగుదురు. ఇంతటి మేలు చేసిన చిత్రమును దాని లోపములతో కూడ ఆదరింపవలెను.

మరునాడు ఆ అధ్యాపకురాలు మా ఇంటికి వచ్చి, ఆ కీర్తనకు హిందీలో అర్థము చెప్పుమని అడిగినారు. అంతయు అర్థమైనదని మీరే అంటిరి కదా యన్నాను. అర్థమైనది గనుకనే అడుగుచున్నానన్నారు. చెప్పినాను. పిదప, ఆమె అడుగకపోయినను, క్షేత్రయ్య పదమొకటి తెలుగులో చదివి, మాట వెంట మాట విప్పి చెప్పుటకు కూర్చుంటిని. రెండు గంటలు పట్టినది. పల్లవి దాటలేదు.